నూట పన్నెండో ఊరు

ఆవేళ తెల్లవారుజామున సముద్రం మీంచి లేచిన మబ్బు ఊరి నెత్తిన గంటసేపు నిలబడింది. కొబ్బరాకు కదల్లేదు. చినుకు పడుతుందేమోనని వడియాలు పెట్టబోయి ఆగిన ఇల్లాళ్లున్నారు. పొద్దు రెండు బారలు ఎక్కేసరికి ఆ మబ్బు ఎటు పోయిందో ఎవరికీ తెలియలేదు. ఆకాశం తోమి బోర్లించిన సత్తుగిన్నెలా తెల్లగా మిగిలింది.

ఆంజనేయరాజు అరుగు మీద పడక్కుర్చీలో కూర్చుని ఆ తెలుపునే చూస్తున్నాడు. పక్కన స్టూలు మీద శుక్రవారం నాటి పేపరు. ఇవాళ ఆదివారం. రెండు రోజులుగా దాన్ని అక్కణ్ణుంచి తీసే ధైర్యం ఇంట్లో ఎవరూ చేయలేదు.

జిల్లాలో నూట పన్నెండు పంచాయతీలు. ఖర్చు పెట్టిన రూపాయికి జనానికి ఏ మేరకు పని జరిగిందో కొలిచి, వరసగా పేర్లు వేశారు. నూట పన్నెండో పేరు కొమ్మాలదిబ్బ. రెండు దఫాలుగా కొమ్మాలదిబ్బకి సర్పంచి ఆంజనేయరాజు.

అది ఒక దెబ్బ. రెండోది, ఆ కొలిచినవాళ్లలో సొంత కోడలు ఉండడం. రాజమండ్రిలో ఏదో పరిశోధన సంస్థలో ఉద్యోగమని తెలుసు. వారమంతా అక్కడుండి శనివారం రాత్రికి వస్తుందనీ తెలుసు. పేపరు చివర చిన్న అక్షరాల్లో, పుట్టింటి ఇంటిపేరుతో, ప్రణతి అని ఉంది. ఆయన అంతదాకా చదవలేదు. ఊరు చదివింది.

"కాఫీ చల్లారిపోతందండి," అంది బంగారమ్మ గుమ్మంలోంచి.

ఆయన గ్లాసు అందుకోలేదు.

"రాత్రీ తినలేదు. ఇదన్నా తాగితే..."

"మీ కోడలు గారు లేచారాండి?"

బంగారమ్మ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ముప్ఫై మూడేళ్ల కాపురంలో ఆవిడ నేర్చుకున్నది ఒకటుంది. ఈ మనిషికి కోపం వస్తే నోరు పెరగదు, మర్యాద పెరుగుతుంది. నువ్వు అనే నోరు అండి అందంటే, ఇంట్లో కుండలు జాగ్రత్త పెట్టుకోవాలి.

రొయ్యల చెరువుల మీంచి వచ్చిన కొడుకు రామకృష్ణ బండి ఆపి, మెట్ల దగ్గరే నిలబడిపోయాడు. రాత్రంతా ఏరేటర్ల దగ్గర కాపలా ఉన్న కళ్లు. ఒంటి మీద మేత వాసన.

"నీకు తెలుసా?" అన్నాడు తండ్రి, ఆకాశం మీంచి చూపు తిప్పకుండా.

"ఏంటండి నాన్నగారూ?"

"ఆవిడ ఈ లెక్క కడతన్నారని."

"లెక్కలు కడతారని తెలుసండి. అందులో మన ఊరుందని తెలీదు."

"పెళ్లాం ఏం పని చేస్తందో మొగుడికి తెలీదు. బాగుందండి. చాలా బాగుంది."

అంతలో గేటు దగ్గర దగ్గు వినిపించింది.

వచ్చినవాడి పూర్తి పేరు వీరవెంకటసత్యనారాయణ. ఆ పేరు ఓటర్ల జాబితాలో, పెళ్లి శుభలేఖలో తప్ప ఎక్కడా వాడకం లేదు. అందరికీ సత్తిబాబు. కిందటి ఎన్నికల్లో ఆంజనేయరాజు మీద నిలబడి నలభై ఒక్క ఓట్ల తేడాతో ఓడాడు. ఆ నలభై ఒక్కటీ ఇప్పటికీ వేళ్ల మీద లెక్క పెట్టి పేర్లు చెప్పగలడు.

"రాజుగారండీ, నమస్కారం. లోపలికి రానులెండి, చెప్పులిప్పాలి."

"రండి. ఇప్పక్కర్లేదు."

"ఆయ్, వద్దులెండి. పలకరించి పోదామని. మనసు ఆగలేదండి. మా చిన్నోడూ అంతే కదండీ, క్లాసులో ఎప్పుడూ ఆఖరే. పోనీలే అని సర్దుకుంటాం." సత్తిబాబు కండువాతో మెడ తుడుచుకున్నాడు. "కాపోతే వాడికి మార్కులేసే పంతులమ్మ మా ఇంట్లో అన్నం తినదు. అదొక్కటే తేడా."

రామకృష్ణ ఒక అడుగు ముందుకు వేశాడు. తండ్రి చెయ్యెత్తి ఆపాడు.

"ఇంకేమన్నా ఉందాండి సత్తిబాబు గారూ?"

"ఉందండి. ఆఖరి ఇరవై ఊళ్ల మంచినీళ్ల చెరువులూ కంపెనీకి అప్పజెప్తారంట. చెరువు, ఫిల్టర్ బెడ్లు, పంపు, తాళాలు, అన్నీ. ఇంటింటికీ మీటరు. బిందెకింతని. మీకు తెలీదా?" నిజంగా ఆశ్చర్యపోయినట్టు మొహం పెట్టాడు. "పోన్లెండి. కోడలు గారు చెప్తారు."

గేటు చప్పుడైంది. ఆంజనేయరాజు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

చెరువు. పేపర్లో ఆ ముక్క లేదు.

గోదావరి కాలవ ఎక్కడెక్కడో తిరిగి, ఎన్నో ఊళ్ల దాహం తీర్చి, చిట్టచివర ఈ ఊరికి వస్తుంది. వచ్చేసరికి మేక ఉచ్చంత ధార. కిందికి తవ్వితే ఉప్పు. అందుకే ఏటా వేసవిలో కాలవలు కట్టేసేలోగా ఆ ధారని పట్టి చెరువు నింపుకోవాలి. మూడు ఇంజన్లు, నలభై రోజులు, రాత్రీ పగలూ. ఆ నలభై రోజులూ ఆంజనేయరాజు గట్టు మీద నులక మంచం వేసుకుని ఉంటాడు. చుట్టుపక్కల ఊళ్లు మే నెలలో ట్యాంకర్ల వెంట పరిగెడుతుంటే, కొమ్మాలదిబ్బలో పొద్దున్న ఆరింటికి కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి. కాలవలు కట్టేసి నెల దాటింది. ఇవాళా వచ్చాయి.

ఆ ఊరిది నూట పన్నెండో స్థానం.

"మావయ్యగారూ."

ప్రణతి వచ్చి స్తంభం పక్కన నిలబడింది. తల దువ్వుకుని, చీర కట్టుకుని, ఆఫీసుకు వెళ్లేదానిలా సిద్ధమై వచ్చింది. చేతిలో అట్ట ఫైలు. రాత్రి ఏడ్చిందో లేదో మొహం చూసి చెప్పలేం. అది ఆయనకి మరీ చిరాకు తెప్పించింది.

"దయచేయండి. కూర్చోండి. పెద్ద ఆఫీసర్లు, నిలబడకూడదు."

"నిలబడతానండి."

"చెరువు కంపెనీకిస్తారంట. నిజమేనా?"

"నిజమేనండి. ఆఖరి ఇరవై ఊళ్లవీ. రేపు సాయంత్రం అయిదింటితో అభ్యంతరాల గడువు అయిపోద్ది. తర్వాత ఆర్డరు వేస్తారు."

"మీరు వేయించారు."

"నేను కొలిచానండి. కొలతతో ఏం చెయ్యాలన్నది నా చేతిలో లేదు."

"కసాయివాడు కూడా అంతేనండి. కత్తి నాది కాదంటాడు."

"నాన్నగారూ..." అన్నాడు రామకృష్ణ.

"నువ్వు మాట్లాడకు. నీకేమీ తెలీదని ఇందాకే చెప్పావు." ఆయన కోడలి వైపు తిరిగాడు. "దేంతో కొలిచారండి? చెప్పండి, మాలాంటి మోటువాళ్లకి అర్థమయ్యేలాగ."

ప్రణతి ఫైలు తెరవకుండానే చెప్పింది. "ఇంత డబ్బు చేతిలో పెడితే మీరెంత చేశారు, అంతే డబ్బుతో ఇంకో ఊరు ఎంత చేసింది. అదేనండి. రాష్ట్రాలకీ ఇలాగే చేశాం, జిల్లాలకీ చేశాం. ఇప్పుడు పంచాయతీలకి."

"అదీ సంగతి!" ఆయన కుర్చీలోంచి లేచాడు. రెండు రోజులుగా నూరి పెట్టుకున్న మాట అదొక్కటే. "కాలవ మొదట్లో ఊరికి తూము ఎత్తితే నీళ్లు. వాడికి కానీ ఖర్చు లేదు. నాకు మూడు ఇంజన్లకి డీజిలు. వాణ్ణీ నన్నూ ఒక్క బద్దతో కొలుస్తారా? ఇదాండి మీ చదువు? ఈ శివారులో ఒక్క వేసవి ఉండి చూశారా ఆ బద్ద చేసినవాళ్లు?"

"శివారు ఊళ్లని శివారు ఊళ్లతోనే పోల్చామండి. డీజిలు లెక్కలోంచి తీసేయించాం." ఒక క్షణం ఆగింది. "మా మీటింగులో పట్టుబట్టి తీయించింది నేనేనండి. ఈ ఇంట్లో రెండు వేసవులు ఉన్నాను కాబట్టి."

ఆంజనేయరాజు మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. నూరిన కత్తి చెరుకు ముక్కలా విరిగింది.

"చినగొల్లదిబ్బ మనకంటే శివారండి. దానికి నలభై ఏడో స్థానం వచ్చింది."

"చినగొల్లదిబ్బా? వాళ్ల చెరువులో ఈ పాటికి కప్పలు కూడా ఉండవు!"

"ఉండవండి. కానీ సర్వేవాళ్లు అడిగితే, రోజూ నీళ్లొస్తున్నాయని చెప్పారు అక్కడి జనం."

మరి మన జనం ఏం చెప్పారని ఆయన అడగలేదు.

అడగక్కర్లేదు. ఫాల్గుణంలో ఇద్దరు కుర్రాళ్లు టాబ్‌లు పట్టుకుని ఊళ్లోకి దిగిన రోజు ఆయనకి బాగా గుర్తుంది. నీళ్ల గురించి అడుగుతున్నారని తెలియగానే పంపు ఆపరేటరు సామ్యేల్ని పిలిచి సైకిలు ఎక్కించాడు. రెండో ఫిల్టర్ బెడ్డు కోసం మూడేళ్లుగా అర్జీలు పెడుతున్నాడు మరి. ఏడవని బిడ్డకి పాలెక్కడివి? తుఫాను నష్టం రాసుకోవడానికి వచ్చినా, వరద రాసుకోవడానికి వచ్చినా, కాగితం పట్టుకొచ్చినవాడికి కష్టమే చెప్పాలి. పోయింది పది బస్తాలైతే పదిహేను చెప్పాలి. తాతల నాటి నుంచీ అదే పద్ధతి. చెప్పుకుంటే ఏదో ఒకటి మంజూరవుతుంది. బాగున్నామని చెప్పి బాగుపడ్డవాణ్ణి ఈ లంకల్లో, ఈ దిబ్బల్లో ఎవరూ చూడలేదు.

సామ్యేలు సైకిలు కుర్రాళ్ల కంటే ముందు ప్రతి వీధీ తిరిగింది.

ప్రణతి ఫైలు తెరిచింది. "ఎనభై ఇళ్లు అడిగారండి. డెబ్బయ్యారు ఇళ్లవాళ్లు ఒకే మాట చెప్పారు. నాలుగు రోజులకోసారి వస్తాయని." కాగితం తిప్పింది. "మూడు డాష్ నలభై ఒకటి. మన ఇల్లే. నాలుగు రోజులకోసారి. అదీ ఉప్పగా. బిందె పట్టేలోపు ఆగిపోతాయి. ఇద్దామంటే పశువులు కూడా తాగవు."

రామకృష్ణకి నవ్వు రాబోయింది. ఇంట్లో ఎవరి మొహమూ చూడకుండా దాన్ని మింగాడు.

"ఎవరు చెప్పారిది?" అన్నాడు నెమ్మదిగా.

గుమ్మంలో బంగారమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. "నేనే. చెప్పమన్నారు, చెప్పాను."

"పశువుల మాట కూడా చెప్పమన్నారా అమ్మా?"

"అది నేను కలిపాను."

ఆంజనేయరాజు భార్య వైపు చూడలేదు. చూపంతా కోడలి మీదే ఉంది.

"ఈ కాగితం చూసినప్పుడు తమరికి తెలియలేదాండి? పొద్దున్నే ఆ కుళాయి కింద మొహం కడుక్కునే మనిషి కదా తమరు?"

"మన ఊరి కాగితాలు నా చేతికి రాలేదండి. నేనే వద్దన్నాను. అత్తారి ఊరికి నేను మార్కులు వేశానని ఎవరూ అనకూడదని. నిన్న మధ్యాహ్నం అడిగి తెప్పించుకున్నాను."

"ముందే చూసుంటే?"

"అబద్ధమని తెలిసేదండి."

"తెలిసి?"

"మార్చేదాన్ని కాదు. మళ్లీ అడగమనేదాన్ని."

"విన్నావా?" అన్నాడాయన కొడుకుతో. "ఇంటి పరువు పోతుందని తెలిసినా మార్చరంట. ఇలాంటి నిక్కచ్చి మనిషిని మనం తెచ్చుకున్నాం. అదృష్టం."

"ఇంటి పరువు తీసింది నేను కాదండి."

"ప్రణతీ!" రామకృష్ణ గొంతు పెద్దదైంది.

"అరవకండి. ఇద్దరూ ఒకేసారి అంటే నేను ఎవరికి చెప్పాలి?" ఫైల్లోంచి ఇంకో కాగితం తీసి స్టూలు మీద, ఆ పేపరు మీదే పెట్టింది. "దారి ఉంది మావయ్యగారూ. సర్పంచిగా మీరొక ఉత్తరం ఇవ్వండి. ఊరి చేత అలా చెప్పించింది నేనేనని, చెరువు చూసుకోవచ్చని. రేపు అయిదు లోపల అందితే మళ్లీ సర్వే చేస్తారు. చెరువు మిగులుద్ది."

ఎండ అరుగు మీదికి పాకింది. వీధిలో ఐసు బండి గంట కొట్టుకుంటూ వెళ్లిపోయింది.

"నా ఊరి చేత నేను అబద్ధం చెప్పించానని," అన్నాడు ఆంజనేయరాజు, ఒక్కో ముక్కా విడివిడిగా, "నా చేత్తో నేను రాసివ్వాలి."

"అవునండి."

"అది రేపు పేపర్లో వేస్తారు."

"వేయొచ్చండి."

"సత్తిబాబు దాన్ని పటం కట్టించి రచ్చబండ మీద పెడతాడు."

"చెరువు పోతే కూడా ఆయన సంతోషిస్తారండి. రెంటిలో ఏది కావాలో మీ ఇష్టం."

"రాయను."

"మావయ్యగారూ..."

"ఆఖరున ఉంటాం. ఆఖరి ఊరు వాళ్లం, ఆఖరునే ఉంటాం. కంపెనీవాణ్ణి రమ్మనండి. నా గట్టు మీద మంచం తీసి వాడు మంచం వేసుకోమనండి. నలభై రోజులు పడుకుంటాడేమో చూస్తాను."

"వాళ్లు పడుకోరండి. మీటరు పెడతారు. పేటలో మనిషి బిందెకి డబ్బులిచ్చి కొనుక్కోవాలి. అదే జరుగుద్ది." ప్రణతి ఫైలు మూసింది. "మీరు రాయకపోతే ఇంకో దారుందండి. ఆ ఎనభైలో సగం ఇళ్లవాళ్లు, నలభై మంది, ముందు చెప్పింది తప్పని ఎవరికి వాళ్లు ఫారం మీద సంతకం పెట్టాలి. ఎందుకు తప్పు చెప్పారో కారణం రాయాలి. ఫారాలు తెచ్చాను. లోపల పెట్టాను."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూసి రామకృష్ణ తల దించుకున్నాడు.

"ఈ ఊళ్లో నన్ను కాదని సంతకం పెట్టే చెయ్యి ఎవరిదో నేనూ చూస్తానండి."

ప్రణతి లోపలికి వెళ్లింది. రామకృష్ణ ఆమె వెనక వెళ్లబోయి, తండ్రి దగ్గర ఉండబోయి, రెండూ చేయలేక పెరటి దారిన స్నానానికి పోయాడు.

పదకొండు దాటాక సామ్యేలు వచ్చాడు. చెరువులో నీటిమట్టం ఎంతుందో చెప్పడానికి రోజూ ఆ వేళకి వస్తాడు. ఇవాళ ఆ మాట చెప్పాక కూడా కదలకుండా మెట్ల కింద నిలబడ్డాడు. టవలు చేతుల్లో పిండుతున్నాడు.

"ఏంటి సామ్యేలూ?"

"ఏం లేదండి బాబుగారూ. పేటలో అడుగుతున్నారండి. మళ్లీ సర్వేవాళ్లు వస్తారని చెప్పుకుంటున్నారు."

"ఏమని అడుగుతున్నారు?"

"ఈసారి ఏం చెప్పమంటారో అడిగి రమ్మన్నారండి. రోజూ వస్తున్నాయని చెప్పాలా, రావట్లేదని చెప్పాలా? మీరెలా అంటే అలాగే."

సామ్యేలు మొహంలో ఎగతాళి లేదు. వెటకారమన్నది ఆ మనిషి నోట పుట్టదు. ఉన్నట్టయితే ఆంజనేయరాజుకి సుళువుగా ఉండేది, కేకలేసి పంపేసేవాడు. ఊరు ఇంతగా తన మాట మీద నడుస్తుందని ఇన్నేళ్లూ మురిసిపోయాడు. ఆ మాట ఇవాళ ఒంటి మీద జెర్రిలా పాకింది.

"వెళ్లు."

"ఏం చెప్పమంటారండి వాళ్లకి?"

"వెళ్లమన్నానా!"

అరిచిన అరుపుకి గొడ్ల సావిట్లో గేదె లేచి నిలబడింది. అండి లేని కేక అది. సామ్యేలు సైకిలు తీసుకుని, ఎక్కకుండా, నడిపించుకుంటూ పోయాడు.

ఒంటిగంటకి బంగారమ్మ పిలిచింది. ఆ ఇంట్లో మగవాళ్ల తర్వాతే ఆడవాళ్ల భోజనం. ఇవాళ టేబులు మీద నాలుగు కంచాలు పెట్టి ఉన్నాయి. ఆంజనేయరాజు వాటిని చూశాడు. ఏమీ అనకుండా తన చోట కూర్చున్నాడు. ఎదురుగా కొడుకు. కొడుకు పక్కన, తల వంచుకుని కోడలు.

మామిడికాయ వేసిన పచ్చిరొయ్యల ఇగురు. వేపుడు. మజ్జిగపులుసు. ఆదివారం వంటే. ఏ గొడవైనా బంగారమ్మ వంట తప్పించదు.

అందరికీ అన్నం వడ్డించి, తనూ కూర్చుంది. కూర్చుని, కంచంలో చెయ్యి పెట్టకుండానే అంది.

"నేను సంతకం పెట్టేశానండి."

రామకృష్ణ చేతిలో ముద్ద ఆగింది. ప్రణతి తల ఎత్తింది. ఆమెకీ తెలియదని ఆ కళ్లే చెప్పాయి.

"ఆ గదిలో ఫారాలున్నాయి. ఒకటి తీసి రాసేశాను. మొదటిది నాదే. కూర వండుతూ కిటికీలోంచి వెనక వీధి వీరదుర్గకి ఒకటిచ్చాను. వాళ్ల వీధి మొత్తానికి ఇంకో పదిహేను పట్టుకెళ్లింది." గొంతులో ఎత్తుపల్లాలు లేవు. ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టే చెప్పింది. "నాలుగు రోజులకోసారి అన్నది నా నోరే కదా. నేనే దిద్దుకుంటాను."

ఆంజనేయరాజు కంచం మీంచి తల ఎత్తలేదు. ఒక్క మాట వచ్చింది, అండి లేకుండా.

"కారణం రాయాలిగా. ఏమని రాశావు?"

ఆవిడ లేచి, మజ్జిగపులుసు గిన్నె తెచ్చి ఆయన కంచంలో గరిటెతో పోసింది. ఆయన చాలు అనలేదు. ఇంకో గరిటె పోసింది. చాలు అనలేదు. ఇంకొకటి. పులుసు అన్నాన్ని ముంచి, ఇగురుని కలుపుకుని, కంచం అంచుదాకా వచ్చింది. అప్పుడు తనే ఆపి, గిన్నె పక్కన పెట్టి, తన కంచం ముందు కూర్చుంది.

ఆంజనేయరాజు ఆ పులుసులో చెయ్యి పెట్టాడు. కలిపాడు. తిన్నాడు. తర్వాత కొడుకు తిన్నాడు. తర్వాత కోడలు. ఎవరూ ఏదీ కావాలని అడగలేదు. ఎవరూ మధ్యలో లేవలేదు.